అడవి పిట్టల లెక్క: మీ ప్రశ్నలు, మా జవాబులు

చలి మొదలైంది. వలస పిట్టలు దిగుతున్నాయి, కాలేజీల్లో ప్రాజెక్టుల హడావిడి పెరిగింది. అడవిలో ఎన్ని జాతుల పక్షులున్నాయో సర్వే చేయడం గురించి వచ్చిన ఉత్తరాలను ఈ సంచికలో ఒకచోట చేర్చాం. ఒకే సంగతి నలుగురు అడిగినచోట ఒక ఉత్తరమే వేశాం. పక్షుల పేర్లు చాలాచోట్ల ఇంగ్లిషువే తెలుగు లిపిలో రాశాం. ఎందుకో కింద ఒక జవాబులో ఉంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ చివరి ఏడాది. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నల్లమలలో తిరిగే వీలుంది. మా సీనియర్లు లైన్ ట్రాన్సెక్ట్ చేశారు. గైడ్ మాత్రం పాయింట్ కౌంట్ చేయమంటున్నారు. ఏది మేలు? ఎన్ని పాయింట్లు కావాలి?
– విద్యార్థిని, నంద్యాల

జవాబు: మీ గైడ్ చెప్పిందే సబబు. కారణం మీరు నడవబోయే నేల. జనవరి గడిచేసరికి టేకు ఆకు రాలి, ఎండి, అడుగు పెడితే అప్పడం విరిగినట్టు చప్పుడు చేస్తుంది. ట్రాన్సెక్ట్ అంటే ముందే గీసుకున్న ఒక తిన్నని గీత వెంట గంటకు కిలోమీటరు, కిలోమీటరున్నర చొప్పున నడుస్తూ లెక్కించడం. ఆ నడక పొడవునా చప్పుడు మీకంటే ముందు పోతుంది. అడవికోడి, కౌజులాంటి నేలపిట్టలు మీ కంటపడకముందే పక్కకు తప్పుకుంటాయి. దాంతో గీతకు దగ్గర్లో పక్షులు తక్కువగా, దూరంలో ఎక్కువగా నమోదవుతాయి. దూరాన్ని బట్టి సాంద్రత కట్టే పద్ధతి నిలబడేది రెండు షరతుల మీద: గీత మీదున్న పక్షిని తప్పక చూస్తాం, అది మనకు బెదిరి కదలకముందే చూస్తాం. ఎండుటాకుల్లో రెండూ పోతాయి. పాయింట్ కౌంట్ అంటే ఒకచోట నిలబడి లెక్కించడం. దానికీ నడవాలి గానీ, చేరాక ఆగుతారు, చప్పుడు సద్దుమణిగాకే లెక్క మొదలెడతారు.

ట్రాన్సెక్ట్ పనికిరాదని కాదు. గడ్డి నేలల్లో, పలచటి పొదల్లో, అడుగు చప్పుడు వినపడని తడి నేల మీద తక్కువ సమయంలో ఎక్కువ పక్షులు దొరికేది దానిలోనే.

ఇక పాయింట్లు. మొదట మ్యాపు మీద అడవిని రకాలుగా విడదీయండి. వాగు ఒడ్డు, టేకు కలిసిన మిశ్రమ అడవి, రాతిగుట్ట మీది పొద అని మూడు చాలు. రాతిగుట్టను ఎక్కడం కష్టమని వదిలేసేవాళ్లు ఎక్కువ. ఎల్లో-త్రోటెడ్ బుల్బుల్ లాంటి దక్షిణాది కొండల పక్షి ఉండేది అలాంటి రాతి వాలుల్లోనే, అక్కడికి వెళ్లకపోతే మీ జాబితాలోకి అది ఎన్నటికీ రాదు. మ్యాపు మీద 250 మీటర్ల గళ్లు గీయండి. మొదటి గడిని చీటీ తీసి ఎంచుకుని, అక్కణ్నుంచి వరుసగా తీసుకోండి. పాయింటుకూ పాయింటుకూ మధ్య 200 మీటర్లకు తగ్గితే ఒకే బార్బెట్ అరుపు రెండుచోట్లా లెక్కకొస్తుంది. రోడ్డుకు కనీసం 100 మీటర్లు లోపలికి ఉండాలి. రోడ్డు వెంబడి పాయింట్లు పెడితే పని సులువే. కానీ కరెంటు తీగ మీది పాలపిట్ట, అంచు పొదల్లోని పిగిలిపిట్ట జాబితా నిండా ఉంటాయి. అది రోడ్డు సర్వే అవుతుంది, అడవి సర్వే కాదు.

ఒక్కో రకానికి 15 చొప్పున 45 పాయింట్లు, ఒక్కో పాయింటుకు మూడుసార్లు వెళ్తే 135 లెక్కలు. ఒక లెక్కకు రెండు నిమిషాల నిరీక్షణ, పది నిమిషాల గణన, తర్వాతి పాయింటుకు చేరడానికి పన్నెండు నిమిషాలు, వెరసి 24 నిమిషాలు. సూర్యోదయం నుంచి రెండున్నర గంటలకు మించి చేయొద్దు, ఆపైన అరుపులు పడిపోతాయి. అంటే ఉదయానికి ఆరు పాయింట్లు, మొత్తం 23 ఉదయాలు. వాన, ఈదురుగాలి, జ్వరం, జీపు రాకపోవడం కలుపుకుని 30 ఉదయాలు కేటాయించుకోండి. రెండోసారి వెళ్లినప్పుడు వరుస తిరగేయండి. లేకపోతే ఒకటో పాయింటు ఎప్పుడూ తెల్లవారుజామునే, ఆరోది ఎప్పుడూ ఎండెక్కాకే వస్తుంది. ఆరో పాయింటులో పక్షులు తక్కువని మీరు రాస్తారు, తప్పు అడవిది కాకపోయినా.

థీసిస్‌లో చాలామంది జారే చోటు ఒకటుంది. 135 లెక్కలు చేశారని నమూనా సంఖ్య 135 కాదు, 45. ఒకే పాయింటుకు మూడుసార్లు వెళ్లడం ఒకే చెరువులో మూడుసార్లు ముంత ముంచడం లాంటిది.

ప్రశ్న: ఆ పది నిమిషాల్లో సరిగ్గా ఏం చేయాలి? నోట్‌బుక్‌లో ఏం రాయాలి?
– ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూలు

జవాబు: చేరగానే కదలకుండా రెండు నిమిషాలు నిలబడండి. ఈలోగా పాయింటు నంబరు, టైము, మబ్బు, గాలి, ఏమైనా రొద ఉంటే అది రాసుకోండి. చిన్న కొమ్మలు ఆగకుండా ఊగుతుంటే ఆ రోజు లెక్క మానేయండి. మీరు వస్తుంటే ఎగిరిపోయిన పక్షిని వదిలేయొద్దు. అది మొదట ఉన్నచోటు పాయింటుకు ఎంత దూరమో చూసి లెక్కలో వేయండి. తర్వాత పది నిమిషాలకు టైమర్ పెట్టండి. బైనాక్యులర్ మెడలోనే ఉండనివ్వండి, ముందు చెవి పని చేయాలి. అడవిలో నమోదయ్యేవాటిలో ఎక్కువ భాగం వినబడేవే.

ఒక పేజీ ఎలా ఉండాలో చూడండి:

పాయింట్ 14, వాగు ఒడ్డు, 7:08, మబ్బు లేదు, ఆకు కదలడం లేదు.
1వ నిమిషం – వైట్-బెల్లీడ్ డ్రోంగో 1, చూసి, 22 మీ.
2వ నిమిషం – కామన్ అయోరా 1, విని, 35 మీ.
3వ నిమిషం – ప్లమ్-హెడెడ్ పారకీట్ 5, పైనుంచి పోతూ.
6వ నిమిషం – జంగిల్ బాబ్లర్ కనీసం 6, చూసి, 18 మీ.
9వ నిమిషం – అయోరా, మళ్లీ అదే చెట్టు వైపు నుంచి. లెక్కలో వేయలేదు.

ప్రతి వరుసలో నాలుగు సంగతులున్నాయి: ఎప్పుడు, ఎన్ని, చూశారా విన్నారా, మొదట పట్టుబడినప్పుడు ఎంత దూరం. నిమిషం ఎందుకంటే, రేపు ఇంకొకరు ఐదు నిమిషాల లెక్క చేస్తే మీ పేజీలోంచి మొదటి ఐదు నిమిషాలే తీసి పోల్చుకోవచ్చు. పారకీట్లు ఆ అడవిని వాడుకోవడం లేదు, దాటిపోతున్నాయి. అందుకే ‘పైనుంచి’ అని వేరుగా పెట్టాం. సాంద్రతలో అవి రావు, జాతుల జాబితాలో వస్తాయి. బాబ్లర్ గుంపును కచ్చితంగా లెక్కపెట్టలేం గనుక ‘కనీసం’ అన్న మాట ఉంది. తొమ్మిదో నిమిషపు అయోరా కొత్తదో పాతదో తెలియదు. అనుమానం ఉన్నప్పుడు పాతదే అనుకోవాలి. రెండు దిక్కుల నుంచి రెండు ఒకేసారి అరిస్తేనే రెండు.

చలికాలంలో ఇంకో చిక్కు, కలగలుపు గుంపులు. ఐదు నిమిషాలు అడవి నిశ్శబ్దంగా ఉండి, ఒక్కసారిగా డ్రోంగో, మినివెట్, వుడ్‌ష్రైక్, నట్‌హాచ్, అయోరా, గ్రీనిష్ వార్బ్లర్ కలిసి మీ నెత్తి మీదుగా సాగిపోతాయి. అప్పుడు ఒక్కో జాతినీ ఒక్కో గీతతో మొదలెట్టి, కనిపించిన కొద్దీ గీతలు పెంచుకుంటూ పొండి. పేరు పూర్తిగా రాస్తూ కూర్చుంటే సగం గుంపు దాటిపోతుంది. జాతికి మూడక్షరాల గుర్తులు ముందే పెట్టుకోవాలి. టైమర్ మోగాక కనిపించినవాటిని ‘తర్వాత’ అన్న గీత కింద రాయండి. గుంపు అందంగా ఉందని పదకొండో నిమిషాన్ని పదిలో కలపొద్దు.

ప్రశ్న: దూరం అంచనా కుదరడం లేదు. నాకు 30 అనిపించింది పక్కవాడికి 50 అనిపిస్తోంది.
– అటవీ శాఖ వలంటీరు, ఆత్మకూరు

జవాబు: ఇద్దరూ టేపు పట్టుకుని ఒక పూట అడవిలోనే సాధన చేయండి. మైదానంలో చేస్తే లాభం లేదు. చెట్ల మధ్య దూరం వేరుగా తోస్తుంది. 10, 25, 50, 100 మీటర్ల దగ్గర చెట్లకు రిబ్బన్లు కట్టి, మధ్యలో ఒకరు ఎక్కడో నిలబడి చిటిక వేస్తే మిగతావాళ్లు దూరం చెప్పాలి. తర్వాత టేపు వేయాలి. ఇరవైసార్లు చేసేసరికి తప్పు బాగా తగ్గుతుంది. శబ్దంతో చేసే సాధన ముఖ్యం. మొహం అటు తిప్పుకున్న పక్షి అరుపు అసలు దూరం కంటే దూరంగా వినిపిస్తుంది.

చెట్టు మీది పక్షికి ఏటవాలు దూరం రాయకండి. పక్షి కింద నేల ఎక్కడుందో, అక్కడికి దూరం కావాలి. 20 మీటర్ల ఎత్తున కూర్చున్న పక్షి చెట్టు మొదలు మీకు 15 మీటర్లలో ఉంటే, చూపు దూరం 25 మీటర్లు. రాయాల్సింది 15. ట్రాన్సెక్ట్ అయితే గీతకు లంబదూరం కావాలి. మీ నుంచి 40 మీటర్లు, గీతతో కోణం 30 డిగ్రీలు అయితే సైన్ 30 అంటే సగం, కనుక 20 మీటర్లు. కోణం దిక్సూచితో తీసుకోండి, కంటితో వద్దు. లేజర్ రేంజ్‌ఫైండర్ ఉన్నా మధ్యలో ఆకు అడ్డొస్తే ఆకు దూరమే చూపిస్తుంది. పక్షి మీద కాక పక్కనున్న మొద్దు మీద వేయండి.

ఎంత సాధన చేసినా 10, 20, 50 అంకెల మీదకే చెయ్యి పోతుంది. అందుకే కచ్చితమైన అంకె రానప్పుడు 0–10, 10–25, 25–50, 50–100 అని పట్టీలుగా రాసుకోవడం నిజాయితీ. 50 మీటర్ల వ్యాసార్థం ఉన్న వృత్తం 0.785 హెక్టారు. 40 పాయింట్లకు 31.4 హెక్టార్లు. అందులో 22 అయోరాలు పట్టుబడితే హెక్టారుకు 0.7. కానీ ఇది అన్నీ మీ చెవిన పడ్డాయనుకుంటేనే. దూరాల తీరు నుంచి తప్పిపోయినవాటిని సరిచేసి అసలు సాంద్రత కట్టాలంటే ఒక్కో జాతికి పాయింట్ కౌంట్‌లో 75 నుంచి 100 నమోదులు, ట్రాన్సెక్ట్‌లో 60 నుంచి 80 కావాలి. మూడు నెలల పనిలో ఆ సంఖ్య అందుకునే జాతులు కొద్దిగానే ఉంటాయి. మిగతావాటికి సాంద్రత కట్టబోకుండా, ఎన్ని పాయింట్లలో దొరికిందో చెప్పి ఊరుకోండి.

ప్రశ్న: మాది నలుగురు స్నేహితుల బృందం. శని, ఆదివారాలే వీలు. మారేడుమిల్లి వైపు వెళ్తాం. గళ్లు గీసి పాయింట్లు పెట్టే ఓపిక లేదు. మా తిరుగుడుకి ఏమైనా విలువ ఉంటుందా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఉంటుంది. మెకినన్ జాబితాల పద్ధతి మీలాంటి వాళ్లకు సరిగ్గా సరిపోతుంది. నడుస్తూ కనిపించిన, వినిపించిన జాతులను వరుసగా రాయండి. పది వేర్వేరు జాతులు నిండగానే గీత గీసి రెండో జాబితా మొదలెట్టండి. ఒక జాబితాలో ఒక జాతి ఒక్కసారే రావాలి. తర్వాతి జాబితాలో మళ్లీ రావచ్చు. నాలుగు వారాంతాల్లో 40 జాబితాలు కష్టం కాదు. ఒక జాతి 40లో 26 జాబితాల్లో వస్తే, 3 జాబితాల్లో వచ్చినదానికంటే అది మామూలుగా కనిపించే పక్షి అని చెప్పొచ్చు. జాబితాలు పెరిగే కొద్దీ మొత్తం జాతులు ఎలా పెరుగుతున్నాయో గీత గీస్తే, అది చదునవుతోందో ఇంకా ఎక్కుతోందో కనిపిస్తుంది. నలుగురూ కలిసే నడవండి, ఒకరే రాయండి. హెక్టారుకు ఎన్ని అన్నది మాత్రం ఇందులో రాదు, అడగకండి. తిరిగిన దారిలోనే వెనక్కి వస్తూ అవే పక్షులను కొత్త జాబితాలోకి ఎక్కించొద్దు.

ప్రశ్న: ఫోనులో మెర్లిన్ యాప్ అరుపు వినగానే పేరు చెప్పేస్తోంది. దాన్ని నమ్మి రాసుకోవచ్చా?
– పాఠకురాలు, హనుమకొండ

జవాబు: నేర్చుకోవడానికి వాడండి, సాక్ష్యంగా వాడొద్దు. యాప్ పేరు చూపించాక మీరు ఆ పక్షిని చూడాలి, లేదా ఆ అరుపు మీకే తెలిసి ఉండాలి. లేకపోతే నమోదు చేయొద్దు.

దీనికి నల్లమలలో, తూర్పు కనుమల్లో ఒక ప్రత్యేక కారణం ఉంది: గ్రేటర్ రాకెట్-టెయిల్డ్ డ్రోంగో. తోక చివర రెండు తీగలు, తీగల చివర రెండు రెక్కల్లాంటి ఈకలు. ఇది ఇతర పక్షుల గొంతులు దించడంలో సిద్ధహస్తురాలు. క్రెస్టెడ్ సర్పెంట్ ఈగిల్‌లా అరుస్తుంది, శిక్రాలా అరుస్తుంది. యాప్‌కు అది గద్దే. మీకూ మొదట్లో గద్దే. అనుమానం వస్తే కదలకుండా నిమిషం ఆగండి. అదే కొమ్మ నుంచి ఇంకో గొంతు వస్తే డ్రోంగో అన్నమాట. జెర్డాన్స్ లీఫ్‌బర్డ్ కూడా అదే కోవ, కాకపోతే చిన్న గొంతులు దించుతుంది.

సర్వేకు ముందు పది పదిహేను అరుపులు నోటికి వచ్చినంత బాగా వచ్చి ఉండాలి. కాపర్‌స్మిత్ బార్బెట్ టుక్కుటుక్కులు, బ్రౌన్-హెడెడ్ బార్బెట్ కుట్రూ కుట్రూ, అయోరా ఈల, టైలర్‌బర్డ్, వైట్-బ్రౌడ్ బుల్బుల్, టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్, జంగిల్ ఔలెట్, చలికాలంలో గ్రీనిష్ వార్బ్లర్ రెండక్షరాల పిలుపు. మీ నమోదుల్లో పెద్ద వాటా వీటిదే. ఇవి పోల్చుకోగలిగితే కొత్త గొంతు వచ్చినప్పుడు చెవి దానంతట అదే నిక్కుతుంది.

ఇద్దరు కలిసి చేసే సర్వేలో ఒకరి చెవి చురుకు, ఇంకొకరిది కాదు. చెవి చురుకైనవాణ్ని ఎప్పుడూ వాగు ఒడ్డుకు, రెండోవాణ్ని ఎప్పుడూ పొదల్లోకి పంపితే తేడా అడవిదో చెవిదో ఎవరూ చెప్పలేరు. మార్చి మార్చి పంపండి.

ప్రశ్న: స్పీకరులో అరుపు వినిపిస్తే దాక్కున్న పక్షి బయటికొస్తుంది కదా. జాబితా పెరుగుతుంది. చేయొచ్చా?
– పాఠకుడు, తిరుపతి

జవాబు: వద్దు. 50 మీటర్ల వృత్తంలోకి 150 మీటర్ల అవతలి పక్షిని పిలిచి లెక్కించినట్టవుతుంది, మీ సాంద్రత అంకె చెడుతుంది. గూడు కట్టే కాలంలో అయితే పక్షి గుడ్లు వదిలి లేని శత్రువు కోసం వెతుక్కుంటుంది.

ప్రశ్న: సౌండ్ రికార్డర్లు పెట్టి వస్తే మనిషి వెళ్లక్కర్లేదంటున్నారు. మెమొరీ ఎంత కావాలి?
– పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఆడియోమాత్ లాంటి చిన్న రికార్డరు మూడు డబుల్-ఎ సెల్స్‌తో నడుస్తుంది. లెక్క ఇలా వేసుకోండి. సెకనుకు 32,000 నమూనాలు పెడితే 16 కిలోహెర్ట్‌జ్ దాకా పట్టుకుంటుంది. మన అడవి పక్షుల గొంతుల్లో దాదాపు అన్నీ అందులో ఇమిడిపోతాయి. ఒక్కో నమూనాకు రెండు బైట్లు, అంటే సెకనుకు 64,000 బైట్లు, నిమిషానికి 3.84 ఎంబీ, గంటకు 230 ఎంబీ. ఉదయం 5:30 నుంచి 9:30, సాయంత్రం 5 నుంచి 7, రోజుకు ఆరు గంటలు అనుకుంటే 1.4 జీబీ. 20 రోజులకు 28 జీబీ, 32 జీబీ కార్డు అంచుల దాకా వస్తుంది. ఐదు నిమిషాలకొక నిమిషం చొప్పున రికార్డు చేస్తే అదే కార్డు వంద రోజులు వస్తుంది, జాతుల జాబితాలో పోయేదీ పెద్దగా ఉండదు.

మనిషి నడుము కంటే సన్నని చెట్టుకు, రెండు మీటర్ల ఎత్తున కట్టండి. లావు మొద్దుకు కడితే వెనకవైపు అరుపులను మొద్దే మింగేస్తుంది. కొండముచ్చులు పీకేస్తాయి, గట్టి డబ్బాలో పెట్టి ఆకుపచ్చ తాడుతో బిగించండి. సెల్స్ తీసి కొత్తవి వేశాక గడియారం మళ్లీ సెట్ చేయడం మరిచిపోతే ఆ వారం రికార్డింగు మొత్తానికి టైము ఉండదు. ఎక్కువమంది పోగొట్టుకునేది ఇక్కడే. రికార్డరు జాతి ఉందని చెబుతుంది, ఎన్ని ఉన్నాయో చెప్పదు. రికార్డింగు విని పక్షి పేరు చెప్పే సాఫ్ట్‌వేర్ ఇచ్చే నమ్మక స్కోరు 0.8 అంటే 80 శాతం సరైనదని అర్థం కాదు. ఒక్కో జాతికి 50 ముక్కలు చీటీ తీసి చెవితో వినండి. ఆ జాతికి ఏ స్కోరు పైన నమ్మొచ్చో అప్పుడు తెలుస్తుంది. కీచురాళ్ల రొద ఉన్న వేసవి రికార్డింగుల్లో ఈ తనిఖీ లేకుండా ఒక్క పేరు కూడా జాబితాలోకి తీసుకోకండి.

ప్రశ్న: వాగు ఒడ్డున 20 ఉదయాల్లో 62 జాతులు, రాతి పొదల్లో 11 ఉదయాల్లో 48 జాతులు దొరికాయి. షానన్ సూచిక 3.41, 3.38. వాగు ఒడ్డున వైవిధ్యం ఎక్కువని రాయవచ్చా?
– ఎమ్మెస్సీ విద్యార్థి, కడప

జవాబు: ఇప్పుడే రాయొద్దు. 20 ఉదయాలు తిరిగినచోట ఎక్కువ దొరకడంలో వింత లేదు. ముందు శ్రమను సమానం చేయాలి. వాగు ఒడ్డు 20 ఉదయాల్లోంచి ఏవో 11 చీటీ తీసి, ఎన్ని జాతులో చూసి, దాన్ని వందలసార్లు చేసి సగటు కట్టడాన్ని రేర్‌ఫాక్షన్ అంటారు. ‘ఆర్’ అనే గణాంక సాఫ్ట్‌వేర్ ఇది క్షణంలో చేస్తుంది. ఆ సగటును 48తో పోల్చండి.

రెండోది, చూడకుండా మిగిలినవి ఎన్ని? దీనికి చావో-2 అంచనా ఉంది, చేత్తోనే కట్టొచ్చు. ఒక్క ఉదయమే కనిపించిన జాతుల సంఖ్యను దాంతోనే గుణించి, సరిగ్గా రెండు ఉదయాలే కనిపించిన జాతుల సంఖ్యకు రెట్టింపుతో భాగించాలి. మీ పట్టిక ప్రకారం వాగు ఒడ్డున అవి 12, 6. అంటే 144ను 12తో భాగిస్తే 12. దాన్ని 19/20తో (ఉదయాల సంఖ్యలో ఒకటి తగ్గించి, ఉదయాల సంఖ్యతో భాగించింది) గుణిస్తే 11.4, చూసిన 62తో కలిపి మొత్తం 73. పొదల్లో 14, 5. 196ను 10తో భాగిస్తే 19.6, దాన్ని 10/11తో గుణిస్తే 17.8, మొత్తం 66. చూసినవాటిలో 14 జాతుల తేడా, అంచనాలో దాదాపు సగానికి దిగింది. పొదల్లో ఒక్కసారే కనిపించిన జాతులు అన్నుండటమే అక్కడ పని పూర్తి కాలేదనడానికి గుర్తు. కుదిరితే ఇంకో తొమ్మిది ఉదయాలు వెళ్లండి. ఏ సూత్రమూ దానికి సాటిరాదు.

షానన్ సూచిక జాతుల సంఖ్యనూ, పక్షులు వాటి మధ్య ఎంత సమానంగా పంచుకున్నాయన్నదాన్నీ కలిపి చెప్పే అంకె. దానంతట అది ఏమీ చెప్పదు. ఐదు జాతులు, వంద పక్షులు అనుకోండి. ఒక్కోటీ 20 ఉంటే సూచిక 1.61. ఒకటి 80, మిగతా నాలుగూ ఐదేసి ఉంటే 0.78. రెండింటినీ e (2.718) మీద ఘాతంగా వేస్తే 5, 2.2 వస్తాయి. అంటే రెండో చోట ఐదు జాతులున్నా, సమానంగా పంచుకున్న రెండు జాతుల చోటులాగే ఉందన్నమాట. మీ 3.41, 3.38లను అలా మార్చితే 30.3, 29.4. తేడా ఒక జాతి కూడా లేదు. ‘వాగు ఒడ్డున చూసిన జాతులు ఎక్కువ, కానీ శ్రమ సమానం కాదు, షానన్ వైవిధ్యంలో రెండుచోట్లా దాదాపు ఒకటే’ అని రాస్తే ఎవరూ కాదనలేరు. అంతకంటే ముఖ్యమైనది, ఏ జాతులు ఒకచోటే దొరికాయన్నది. సూచికలు దాన్ని దాచేస్తాయి, కాబట్టి పూర్తి జాబితా అనుబంధంలో తప్పక వేయండి.

ప్రశ్న: అనుమతి ఎవరివ్వాలి? వలలతో పట్టి పిట్టల కాలికి గుర్తు రింగు వేయడం కూడా నేర్చుకోవాలనుంది.
– విద్యార్థి, మంచిర్యాల

జవాబు: అభయారణ్యంలోకి, టైగర్ రిజర్వులోకి అధ్యయనానికి వెళ్లాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 28 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. కవ్వాల్, అమ్రాబాద్, నాగార్జునసాగర్–శ్రీశైలం అన్నీ ఇందులోకి వస్తాయి. బయటి రిజర్వు ఫారెస్టుకు డీఎఫ్‌ఓను కలవండి. కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒకే పేజీలో ఎక్కడ, ఏ తేదీలు, ఎంతమంది, ఏ వాహనం, ఏ పద్ధతి అన్నవి రాయండి. దేన్నీ పట్టుకోమని స్పష్టంగా రాసి, మ్యాపు జతచేయండి. రెండు నెలల ముందే ఇవ్వండి. వలతో పట్టడం వేరే సంగతి. దానికి సెక్షన్ 12 కింద ప్రత్యేక అనుమతి, శిక్షణ పొందినవారి పర్యవేక్షణ ఉండాలి. వలలో పడ్డ పిట్టను అరగంట చూడకపోతే ఎండకు చచ్చిపోవచ్చు. పుస్తకం చదివి చేసే పని కాదు.

ప్రశ్న: పక్షుల పేర్లు తెలుగులో రాస్తే ఏం పోయింది?
– పాఠకుడు, ఒంగోలు

జవాబు: లెక్క పోతుంది. గువ్వ అంటే నాలుగైదు జాతులు, వడ్రంగిపిట్ట అంటే ఇంకా ఎక్కువ. ఒకే పేరు పక్క జిల్లాలో వేరే పిట్టకు ఉంటుంది. అందుకే జాతి కాలమ్‌లో ప్రామాణిక పేరు రాసి, పక్కనే ఇంకో కాలమ్ పెట్టి స్థానికులు చెప్పిన పేరు, ఊరు, చెప్పిన మాట యథాతథంగా రాసుకోండి. ఆ రెండో కాలమ్‌ను అలంకారం అనుకోవద్దు. జెర్డాన్స్ కోర్సర్ 1900లో అనంతపురం ప్రాంతంలో కనిపించాక మాయమైపోయింది, అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో అది మళ్లీ దొరికింది స్థానిక వేటగాడి చేతికి చిక్కడంతోనే. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ వెతుకులాటలో ఊళ్ల మాట విన్నారు. శాస్త్రవేత్తలు పోయిందనుకున్న పక్షికి ఊళ్లలో కలివికోడి అన్న పేరుంది, కలివి పొదల్లో తిరిగేది అని. రాత్రిపూట తిరిగే ఆ పక్షి సూర్యాస్తమయం అయ్యాక ముప్పావుగంటకు కాసేపే అరుస్తుంది. ఉదయపు పాయింట్ కౌంట్లు వెయ్యి చేసినా పట్టుబడదు. అందుకే దాని కోసం పొదల మధ్య మెత్తటి మన్ను పరిచి అడుగుజాడలు చూడటం, కెమెరా ట్రాప్‌లు పెట్టడం చేశారు.

ప్రశ్న: పాత సర్వేలతో ఇప్పటి జాబితా పోల్చి, ఏ పక్షి పోయిందో చెప్పొచ్చా?
– అధ్యాపకుడు, హైదరాబాద్

జవాబు: జాగ్రత్తగా. తూర్పు కనుమల్లో 1929–30లో వెర్నే సర్వే జరిగింది, హైదరాబాద్ సంస్థానంలో సలీం అలీ 1931–32లో సర్వే చేశారు. అవి పక్షులను సేకరించి నమూనాలు భద్రపరిచిన సర్వేలు. అప్పుడు ఫలానా చోట ఫలానా పక్షి ఉందనడానికి తిరుగులేని సాక్ష్యం. ఎన్ని ఉన్నాయన్నదానికి సాక్ష్యం కాదు. అప్పుడు లేదు ఇప్పుడుంది అన్నదాన్ని కూడా గట్టిగా చెప్పలేం, వాళ్ల చేతికి చిక్కకపోయి ఉండొచ్చు.

ఇక ‘అప్పుడుంది ఇప్పుడు లేదు’ అనాలంటే మీరు ఎన్నిసార్లు వెళ్లారన్నదే ప్రశ్న. ఉన్నచోట కూడా ఒక్క సందర్శనలో పట్టుబడే అవకాశం 30 శాతం ఉన్న పక్షి అనుకోండి. ఎనిమిదిసార్లు వెళ్లినా తప్పిపోయే అవకాశం 5.8 శాతం. తొమ్మిదోసారికి 4 శాతానికి దిగుతుంది. అంటే తప్పిపోయే అవకాశం 5 శాతంలోపు ఉండాలంటే అదే చోటికి, అదే నెలలో, కనీసం తొమ్మిదిసార్లు వెళ్లాలి. పాత పుస్తకాల్లోని పేర్లు ఇప్పటికి మారాయి, కొన్ని జాతులు రెండుగా విడిపోయాయి, అది కూడా సరిచూసుకోండి.

ప్రశ్న: నోట్‌బుక్కా, యాపా?
– పాఠకురాలు, అరకు

జవాబు: అడవిలో పెన్సిల్, నోట్‌బుక్. పెన్ను రాత మంచుకు అలుక్కుపోతుంది. సాయంత్రం గదికి వచ్చాక ఈబర్డ్‌లో (పక్షుల జాబితాలు నమోదు చేసే వెబ్‌సైటు) ఎక్కించండి. ఒక్కో పాయింటునూ పది నిమిషాల స్థిర జాబితాగా విడివిడిగా ఎక్కించాలి. రోజు మొత్తాన్ని ఒకే జాబితా చేస్తే పాయింట్లు కలిసిపోతాయి. ‘గుర్తించినవన్నీ రాశాను’ అన్న పెట్టెలో నిజమైతేనే టిక్కు పెట్టండి. కాకిని, గోరింకను వదిలేసిన జాబితా పూర్తి జాబితా కాదు. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతుల పరిస్థితిని అంచనా వేయగలిగింది పక్షి ప్రేమికులు ఎక్కించిన ఇలాంటి జాబితాలతోనే. పేజీని ఫోటో తీసి ఉంచుకోండి, నోట్‌బుక్ వాగులో పడ్డ రోజు పనికొస్తుంది.